ఒరిస్సా సన్నాయి

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. మా ఇంట్లో నేనేం చెప్పినా మూడో వంతు తీసేసి వింటారు. మా ఆవిడైతే సగం తీసేస్తుంది. అందుకే ముందుగా మా నాన్న వయొలిన్ పెట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తున్నాను. ఆ పెట్టె మీద ఒట్టు వేసి అబద్ధమాడితే వేళ్లు కొంకర్లు పోతాయని మా మామ్మ అంటుండేది. యాభై నాలుగేళ్లు వచ్చినా నా వేళ్లు తీగల మీద చక్కగానే నడుస్తున్నాయి కనక, ఈ ఒక్క అధ్యాయం వరకూ ఏమీ తీసెయ్యకుండా చదవండి.

మా నాన్న విజయనగరంలో వయొలిన్ మాస్టారు. ఎనభై రెండేళ్లు. ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు శిష్యులు వస్తారు. కిందటి వర్షాకాలంలో ఓ సాయంత్రం, కమాను గీతకీ గీతకీ మధ్య నాదం తెగిపోతున్న ఓ శిష్యురాలికి, ఎప్పుడూ చెప్పే కథే మళ్లీ చెబుతున్నాడు. "ముప్పై అయిదేళ్ల కిందట శృంగవరపుకోటలో ఒక పెళ్లికి వెళ్లానమ్మా. ఎవరో ఒరిస్సా నుంచి వచ్చిన సన్నాయి ఆయన. శుద్ధ ధన్యాసి. నిషాదం ఒక్కటి పట్టుకుని అలా ఉంచాడు. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలీలేదు. నాదమంటే అదమ్మా, తెగకూడదు." ఈ కథ మా ఇంట్లో గోడలకి కూడా వచ్చు. కానీ ఆ రోజు చివర్న కొత్త ముక్క ఒకటి చేర్చాడు. "ఆయన ఈపాటికి పోయుంటాడు. మొహమైనా చూళ్లేదు. చూసుంటే ఒక దండం పెట్టుకునేవాణ్ని."

నేను లోపల గోడకి చేరగిలబడి కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. ఇంక ఆగలేకపోయాను. శిష్యురాలు వెళ్లగానే వచ్చి చెప్పేశాను. "నాన్నా, ఆ ఒరిస్సా సన్నాయి నేనే. అది సన్నాయి కాదు, గిటారు."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కిందటేడు భావనపాడు సముద్రంలో తిమింగలం నీ చెప్పు మింగిందన్నావు."

"అది కూడా నిజమే."

"రెండో చెప్పు కోసం మర్నాడు ఒడ్డుకొచ్చిందన్నావు."

"నాన్నా, ఒట్టు."

"పోరా! పోయి పప్పు ఏరుకో."

అబద్ధాలు చెప్పేవాడికి దేవుడు వేసే శిక్ష ఇంతకన్నా ఏముంటుంది? నా జీవితంలో మా నాన్న నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే. ఆ మెప్పు కూడా ఊరూ పేరూ లేని ఓ ఒరియా ఆయన ఖాతాలో పడిపోయింది. దాన్ని నా పేరు మీదికి మార్చుకోవాలంటే సాక్ష్యం ఒక్కటే. ఆ శబ్దాన్ని మళ్లీ పుట్టించి ఆయన చెవిలో వెయ్యాలి.

ఆ శబ్దం ఎలా పుట్టిందో చెప్పాలంటే మా పాత ఇంటికి వెళ్లాలి. తెల్లారకముందే మామ్మ కుంపటి రాజేసేది. బొగ్గుల పొగ, కాఫీ డికాక్షన్, మామ్మ నశ్యం, కమానుకి రాసే రోజిన్ పొడి, ఈ నాలుగూ కలిసిన వాసన పేరే నాకు తెల్లవారడం. అయిదింటికల్లా శిష్యులు వరండాలో చాప మీద కూచుని సరళీ వరసలు మొదలుపెట్టేవారు. నాన్నకి లోకమంతా శ్రుతిలోనే వినిపించేది. పాలవాడి సైకిలు గంట పంచమానికి రవ్వంత తక్కువనీ, మా వీధి మలుపులో రిక్షా బ్రేకు కాకలి నిషాదమనీ, మామ్మ తుమ్ము మాత్రం ఏ మేళకర్తకీ అందదనీ అనేవాడు. అమ్మ ఆవ పెట్టిన కూర వండుతూ గరిటె జారవిడిస్తే "షడ్జం" అని అక్కణ్నుంచే కేకేసేవాడు. అలాంటి ఇంట్లో ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకుని నాకు పట్టుబడింది వయొలిన్ పెట్టె మూత తియ్యడం, వెయ్యడం. నేను కమాను ఎత్తితే పక్కింటి గేదె పాలు ఎగబట్టేస్తోందని వాళ్లు ఫిర్యాదుకొచ్చారు. మర్యాదస్తులు, గేదెనే దూరంగా కట్టుకున్నారు.

డిగ్రీలో ఉండగా విశాఖపట్నంలో ఓ స్నేహితుడి హాస్టలు గదిలో ఒక కేసెట్ విన్నాను. ఇంగ్లీషు బృందం. పేరు చెప్పను, చెబితే మీరు అదే వింటూ కూచుని నన్ను వదిలేస్తారు. పాట మధ్యలో గిటారు ఆయన ఒక్క స్వరం పట్టుకుని ఉంచాడు. ఇనుమునీ బెల్లాన్నీ కలిపి పాకం పట్టినట్టుంది. అందులో కాస్త జీర, కాస్త ఏడుపు, బోలెడంత పొగరు. ఇంకో విచిత్రం ఏమిటంటే ఆయన తిరుగుతున్న స్వరాలు అయిదే, అవి అచ్చంగా మా వరండాలో రోజూ వినే శుద్ధ ధన్యాసి స్వరాలే. ఎనిమిదేళ్లుగా నాకు లొంగని రాగం ఆ నల్ల డబ్బాలోంచి జుట్టు విరబోసుకుని వచ్చి పలకరించింది. వారం తిరక్కుండా ఓ హోటల్లో వాయించడం మానేసి వెళ్లిపోతున్న ఆయనకి నా సైకిలిచ్చేసి ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకున్నాను. సైకిలు ఎవడో ఎత్తుకుపోయాడని ఇంట్లో ఏడ్చాను. ఎంత బాగా ఏడ్చానంటే మామ్మ నాకు జీడిపప్పు ఉప్మా చేసి పెట్టింది.

గిటారు ఉంది, శబ్దం లేదు. రేడియోకి తగిలిస్తే దోమలా గుయ్యిమంది. దానికి ఆంప్లిఫయరు కావాలి. విజయనగరంలో ఏ మైకు సెట్ల షాపు మెట్టెక్కినా "వయొలిన్ మాస్టారి అబ్బాయి కదూ?" అంటారు. అందుకని ఇంగ్లీషు ట్యూషనని చెప్పి ఆదివారాలు బస్సెక్కి శృంగవరపుకోట పోయేవాణ్ని. అక్కడ అరకు రోడ్డులో అప్పలస్వామి మావ మైకు సెట్ల షాపుండేది. నాకేం చుట్టం కాదు. మొదటి రోజే "ఏటి మావా" అంటే "ఏటల్లుడూ" అన్నాడు, అంతే. లోపల బీడీ వాసన, టంకం పొగ, వరసగా బోర్లించిన గొట్టం మైకులు. మూల ఒక వాల్వుల ఆంప్లిఫయరు. మీట వేస్తే లోపల ఎర్రగా చిన్న చిన్న దీపాలు వెలిగి, దుమ్ము కాలిన వాసన వచ్చేది. దాన్ని వేసిన వెంటనే ముట్టుకోనిచ్చేవాడు కాదు మావ. "ఆగరా! టీ తాగీవరకూ దాని జోలికెల్లకు. దానికీ ఒళ్లు ఎచ్చబడాల," అనేవాడు. దానికి తగిలించి ఒక చెక్క పెట్టె, అందులో పన్నెండంగుళాల కాగితం స్పీకరు. మావకి ఆ పెట్టెంటే చికాకు. "ఎన్ని వాల్వులు మార్సినా ఇది గుర్రుమంటాది. ఏటి రోగమో తెలీదు. దీన్ని తెస్తే పెళ్లోళ్లు తిడతారు."

ఆ రోగిష్టి పెట్టెలోనే నా గిటారు మోగింది. వాల్యూము బిరడా చివరిదాకా తిప్పి, నిషాదం మీద వేలు నొక్కి, వయొలిన్ గమకం మా నాన్న నేర్పినట్టే తీగని పక్కకి లాగి పట్టుకున్నాను. కేసెట్లో విన్న పాకం! స్వరం సన్నబడకుండా అలా నిలబడిపోయింది. నేను బయటికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఇంకా మోగుతూనే ఉంది. ఎదుటి మామిడిచెట్టు నుంచి ఏడు కాయలు రాలితే మావ ఏరుకొచ్చాడు. లోపల్నించి మావ భార్య గౌరమ్మత్త చేటతో సహా వచ్చి నిలబడింది.

"ఏటల్లుడూ, ఎవుల్ని సంపుతన్నావు?"

"బాగోలేదా అత్తా?"

"బాగున్నాది గాని, పొయ్యి మీద పాలిరిగిపోనాయి," అంది.

ఇంక పెళ్లి సంగతి. ఆ ఏడు ఎండాకాలం శృంగవరపుకోటలో ఓ పెద్ద పెళ్లికి మావ మైకు కట్టాడు, నేనూ తోడెళ్లాను. గొట్టాలు చెట్ల మీద, గుర్రుపెట్టే పెట్టె భోజనాల పందిట్లో. మధ్యాహ్నం సన్నాయి మేళం వాళ్లు భోజనానికి లేచారు. సరిగ్గా అప్పుడే మావ దగ్గరున్న కేసెట్టు టేపు యంత్రానికి చుట్టుకుపోయింది. పెళ్లికూతురి తండ్రి పరదా అవతల్నించి "మైకాయనా, పందిరి చావింటిలాగుంది, ఏదో ఒకటి మోగించవయ్యా!" అని అరిచాడు. మావ నా వైపు తిరిగాడు. "అల్లుడూ, నీ డబ్బా తగిలించు. ఎర్రి గంతులెయ్యకు. మెల్లిగా, పెళ్లిలాగ వాయించు." టోన్ బిరడా పూర్తిగా తగ్గించి, కరుకుదనం పోయి గొంతులా అయ్యాక, మెల్లగా శుద్ధ ధన్యాసి మొదలుపెట్టాను. నిషాదం దగ్గర ఆగి లాగి పట్టుకున్నాను. వదలబుద్ధి కాలేదు. పరదా సందులోంచి పంక్తి వైపు చూశాను. మూడో ఆకు ముందు మా నాన్న.

పెళ్లికొడుకు చెల్లెలు ఆయన శిష్యురాలట. ఆ సంగతి నాకేం తెలుసు? పక్కన అమ్మ. ఆ తర్వాత అమ్మే చెప్పింది, నాన్న చేతిలోకి తీసుకున్న బూరె అలాగే పట్టుకుని కళ్లు మూసుకున్నాడనీ, నెయ్యి వెయ్యబోయినాయన్ని చేత్తో ఆపేశాడనీ. నేను వైరు పీకేసి, గిటారుతో సహా బల్ల కిందకి దూరి జంపఖానా కప్పుకున్నాను. నాలుగు నిమిషాల్లో నాన్న గొంతు నెత్తి మీదే వినిపించింది.

"ఇందాక సన్నాయి వాయించినాయన ఎవరండీ?"

మావ ఒక్క క్షణం తడబడలేదు. "ఆయనాండీ? ఒరిస్సా నుండి వచ్చేడండి. మన బాస రాదు. అదుగో, ఇప్పుడే బస్సెక్కి ఎల్లిపోనాడండి."

"అయ్యో! పేరేమిటన్నారు?"

"పేరడిగితే నవ్వీవోడండి."

నాన్న కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన కాలి వేళ్లు నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. అప్పుడే బయటికి వచ్చుంటే కథ అక్కడితో అయిపోయేది. రాలేదు. సైకిలు సంగతి బయటపడుతుందని కొంత. గిటారని తెలిస్తే ఆ గొంతులోని గౌరవం వెనక్కి తీసుకుంటాడని మిగతా అంతా. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు తలుపు చాటున నిలబడి నా పొగడ్త నేనే వింటూ వచ్చాను. ఇంటి దొంగ పరమాన్నం ఎవరూ చూడకుండా తిన్నట్టు.

ఇప్పుడు నా దగ్గర లేనిదేముంది? కొత్త ఆంప్లిఫయరుంది. గిటారుకీ దానికీ మధ్య పెట్టే పెడల్స్ నాలుగున్నాయి, చిన్న ఇనప డబ్బాలు, కాలితో తొక్కితే శబ్దం రంగు మారుతుంది. ఒకటి గరుకు తెస్తుంది, ఒకటి బొంగురు, ఒకటి మాట్లాడిస్తుంది, ఒకటి ప్రతిధ్వని. పప్పు ఏరిన మర్నాడే అన్నీ వరండాలో పరిచి నాన్నని కూచోబెట్టాను. మొదటిది తొక్కానో లేదో "ఆగు!" అని కేకేశాడు. "వాద్యాన్ని కాలితో తొక్కుతావురా?"

"వాద్యం కాదు నాన్నా, మీట."

"నాదం అందులోంచి వెళ్తోందా, లేదా?"

"వెళ్తోంది."

"మరింకేం! పీట మీద పెట్టు."

పీట మీద పెట్టాం. నా రెండు చేతులూ గిటారు మీద ఉంటాయి కనక నొక్కడానికి అమ్మ కూచుంది. డెబ్భై ఆరేళ్ల వయసులో ఎర్రది, పచ్చది, నీలంది చెప్పినవి చెప్పినట్టు నొక్కింది. "మిక్సీ కన్నా నయమే, దీనికి మూత పట్టుకోనక్కర్లేదు," అంది కూడా. గరుకు పెడల్‌కి నాన్న తీర్పు "పిండిమర". బొంగురు దానికి "తేనెపట్టు రేపావు". రెండూ కలిపితే "అరకు ఘాటీ ఎక్కే లారీ, రెండో గేరు". పాపం, ఏదీ అబద్ధం కాదు. పది రోజులు బిరడాలు తిప్పాను. ప్రతి తీర్పు చివరా నాన్న జాలిగా ఒకే మాట అనేవాడు. "ఎందుకురా ఈ తంటా? ఆయన ఎవరో మహానుభావుడు."

అంతలో గౌరమ్మత్త ఫోను. మావ పోయి ఆరేళ్లయింది. "అల్లుడూ, అటక దించేత్తన్నాను. మీ మావ ఎర్ర దీపాల డబ్బా ఉన్నాది. వస్తావేటి, తూకానికి ఒగ్గీమంటావేటి?" స్కూటరు మీద గాలిలా పోయి, దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. స్కూటరేమయిందని అడక్కండి, మర్నాడు వెళ్లి తెచ్చుకున్నాను. వాల్వులు తుడిచి, కొత్త ఆంప్లిఫయరు పెట్టెలోని స్పీకరుకి కలిపి, టీ తాగేదాకా ఆగి వాయించాను. నాన్న మొదటిసారి కుర్చీలో ముందుకి వంగాడు. "దగ్గరకొచ్చావు. కానీ ఇది తలంటుకుని వచ్చినట్టుందిరా. ఆయన గొంతులో జీర ఉండేది."

జీర! గుర్రుపెట్టే పెట్టె! వెంటనే అత్తకి ఫోను చేశాను.

"ఆ పెట్టేటి? సెదలు తినేసింది. పొయ్యిలో ఎట్టీసినాను."

"అత్తా, అది ఎందుకు గుర్రుమనేదో మావ ఎప్పుడైనా చెప్పాడా?"

"ఆయనకి తెలిస్తే గదా సెప్పడానికి," అంది. "నాకు తెలుసు. ఎవులికీ సెప్పనేదు. దసరాకి సామానుకి పూజ సేసీవోళ్లమా? పసుపూ బొట్టూ నానే ఎట్టీదాన్ని. అగరొత్తులు నిలబెట్టడానికి సోటేదీ? ఆ పెట్టె ముందు జాలీ ఉండీది. సందుల్లోంచి లోనికి గుచ్చీదాన్ని. మెత్తగా దిగీవి. ఏడాదికి అయిదు, పన్నెండేళ్లు. లోన కాయితం ఉంటాదని నాకేటి తెలుసు? ఓపాలి జాలీ ఊడదీసి దులుపుదునుగదా, జల్లెడలాగున్నాది! మీ మావ సంపేస్తాడని మళ్లీ బిగించీసినాను."

పన్నెండేళ్ల భక్తి, అరవై అగరొత్తులు. అక్కడ ఇంగ్లీషాయన ఆ జీర ఏ తంటాలు పడి తెప్పించాడో కానీ, ఇక్కడ మా అత్త పూజ చేసి తెప్పించింది.

శుక్రవారం కంటాసుపత్రి పనికి విజయనగరం వస్తానంటే ఇంటికే తీసుకొచ్చాను. కొత్త ఆంప్లిఫయరు ముందు గుడ్డ విప్పి, నల్లగా నిగనిగలాడే స్పీకరు కాగితాన్ని చూపించి "గుచ్చు అత్తా," అన్నాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొత్తది గదరా! ఎర్రోడివేటి?"

"అన్నేళ్లలో ఎన్ని గుచ్చావో అన్నీ గుచ్చు."

అత్త పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, మావ ఫొటో ముందు దండం పెట్టినట్టే దానికి దండం పెట్టి ఒక్కొక్కటే గుచ్చింది. కాగితం పుటుక్కుమన్నప్పుడల్లా నా వీపు మీద ఎవరో గిల్లినట్టయింది. ఇరవయ్యోదాని దగ్గర కళ్లు మూసుకున్నాను. అగరొత్తుల పొగలో వాల్వుల దుమ్ము కాలిన వాసన కలిసింది. నాకు పంతొమ్మిదేళ్లు వచ్చాయి. ఆ వయసులో నాకు ఒక్క శబ్దముండేది, దాన్ని దాచుకోవడానికి ఒక ఊరు కావలసి వచ్చింది. ఇప్పుడు ఇంటి నిండా శబ్దాలే, దాచవలసినదొక్కటీ లేదు, వినమని ఒకాయన్ని బతిమాలుకుంటున్నాను.

టోన్ బిరడా తగ్గించాను. శుద్ధ ధన్యాసి. నిషాదం. లాగి పట్టుకున్నాను. జీర పలికింది. కన్నీళ్లొచ్చే జీర. అమ్మ పీట దగ్గర్నించి "ఇదేనండీ, బూరె నాటిది!" అంది. నాన్న కుర్చీలోంచి లేచాడు. చేతులు జోడించి "నువ్వట్రా! ఇన్నేళ్లూ నువ్వట్రా ఆయన!" అంటూ నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. గౌరమ్మత్త ముక్కు చీదింది.

ఇక్కడ ఒప్పుకోవాలి. మామిడికాయలు కాదు, గేదె కాదు, తిమింగలం అసలే కాదు. నేను కల్పించింది ఈ చివరి ముక్క ఒక్కటే. నాన్న కుర్చీలోంచి లేవలేదు. చెయ్యీ పెట్టలేదు. ఈ పేరా మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసి, ఒక్కసారైనా అచ్చులో ఉండాలని ఆశపడి ఉంచేశాను.

జరిగింది చెబుతున్నాను. నాదం ఆగాక నాన్న చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచి, స్పీకరులోంచి లేస్తున్న పొగనీ, నన్నూ చూసి, "బాగుంది. ఆయనంత కాదు. నిషాదం రవ్వంత తగ్గింది. రేపు నాలుగింటికి మళ్లీ వాయించు, చూద్దాం," అన్నాడు.

మర్నాడు నాలుగింటికి వాయించాను. ఆ మర్నాడూ. ఇది నాలుగో నెల. వయొలిన్ దగ్గర ఎనిమిదేళ్లలో నా మీద పెట్టనంత ఓపిక ఇప్పుడు పెడుతున్నాడు. మొన్న నిషాదం సరిపోయిందన్నాడు, గాంధారం పట్టుకున్నాడు. వేలు ఎక్కడ ఆనాలో లేచొచ్చి తీగ మీద చూపించాడు. నమ్మాడా అని నేనడగలేదు. అడిగితే పాఠం ఆగిపోతుందేమో. పావుతక్కువ నాలుగయింది. వరండాలో ఆయన కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వెళ్లాలి.